కుళ్ళిన గుడ్ల వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు: ఈటీపీలో హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్తాను. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో ఈటీపీ, అంటే వ్యర్థ నీళ్ళను శుద్ధి చేసే సెక్షన్‌లో చేరి ఏడు నెలలైంది. నైట్ షిఫ్ట్‌లో, వ్యర్థ నీళ్ళన్నీ వచ్చి కలిసే ఈక్వలైజేషన్ ట్యాంకు దగ్గర కుళ్ళిన కోడిగుడ్ల వాసన వస్తుంది. పది నిమిషాలు అక్కడే ఉంటే ఆ వాసన తెలియడం మానేస్తుంది. సీనియర్లు "అలవాటైపోతుందిలే" అంటున్నారు. షిఫ్ట్ దిగేసరికి తలనొప్పి, కళ్ళ మంట. తడి కర్చీఫ్ కట్టుకుంటే సరిపోతుందా, ముందు ముందు ఊపిరితిత్తులకు ఏమైనా అవుతుందా అని అడిగారు. చివర్లో మరో మాట రాశారు: వచ్చే వారం ట్యాంకు ఖాళీ చేసి, అడుగున ఉన్న స్లడ్జ్ (బురద) తీయడానికి మిమ్మల్ని దిగమంటున్నారని.

ఆ చివరి మాటకే ముందు జవాబు చెప్తాను.

దిగకండి. ట్యాంకులో పైన, మధ్యలో, అడుగున గ్యాస్ రీడింగ్ తీసి, లైన్లన్నీ ప్లేటుతో మూసి (బ్లైండ్ చేసి), బ్లోయర్ పెట్టి, హార్నెస్‌కు తాడు కట్టి, పైన ఎస్‌సీబీఏ (వీపున సిలిండర్ గాలితో ఊపిరి ఇచ్చే) సెట్‌తో మనిషిని నిలబెట్టి, పర్మిట్ మీద సంతకం అయ్యేదాకా దిగకండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా దిగకూడదు. తడి కర్చీఫ్ ఈ గ్యాస్‌ను ఆపదు. వాసన తెలియకపోవడం అలవాటు పడటం కాదు, మీ ముక్కు పని చేయడం మానేసి ఉండొచ్చు.

నేను ఇరవై నాలుగేళ్ళుగా బల్క్ డ్రగ్ యూనిట్లలోనే ఉన్నాను. మొదటి ఎనిమిదేళ్ళు ప్రొడక్షన్, ఆ తర్వాత అంతా సేఫ్టీ. మిగతాది వివరంగా రాస్తున్నాను. కాస్త పెద్దదైనా చివరిదాకా చదవండి.

మీరు చెప్తున్నది హైడ్రోజన్ సల్ఫైడ్. మన ప్లాంట్లలో హెచ్‌టూఎస్ అంటాం. దీనికి రంగు లేదు. గాలి కంటే సుమారు 1.2 రెట్లు బరువు, అందుకే గుంటల్లో, సంపుల్లో, ట్యాంకు అడుగున పేరుకుంటుంది. గాలిలో 4 శాతం దాటితే అంటుకుంటుంది కూడా. ముక్కుకు మాత్రం చాలా తక్కువలోనే తెలిసిపోతుంది. పది లక్షల భాగాల గాలిలో ఒక భాగాన్ని ఒక పీపీఎం అంటాం, అందులో వందో వంతు ఉన్నా కొంతమంది పసిగడతారు. ఇంత తేలిగ్గా తెలిసే గ్యాస్‌తో భయమేముంది అనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది.

తక్కువ మోతాదులో అదే పనిగా పీలుస్తుంటే ముక్కు అలసిపోయి వాసనను పట్టించుకోవడం మానేస్తుంది. 100 పీపీఎం దాటితే అది అలసట కూడా కాదు, వాసన తెలిపే నరమే కొన్ని నిమిషాల్లో మొద్దుబారిపోతుంది. ఇంకా ఎక్కువైతే వాసన తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఇప్పుడు మీ పరిస్థితి చూడండి. పది నిమిషాలకు వాసన పోయింది. గ్యాస్ నిజంగానే తగ్గి ఉండొచ్చు. 5 పీపీఎం దగ్గర ముక్కు అలసిపోయి ఉండొచ్చు. 120 దగ్గర నరం మొద్దుబారి ఉండొచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగిందో మీ ముక్కు మీకు చెప్పలేదు. డిటెక్టర్ ఒక్కటే చెప్పగలదు.

అంకెలు కొన్ని గుర్తుపెట్టుకోండి. మన పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం 8 గంటల సగటు 10 పీపీఎం, 15 నిమిషాల హద్దు 15 పీపీఎం. అమెరికాలో పరిశ్రమల ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ అయితే 1 పీపీఎం సగటు, 5 పీపీఎం స్వల్పకాలపు హద్దు చాలని చెప్తుంది. నేను ఆ రెండో లెక్కనే నమ్ముతాను, నా ప్లాంట్లో దాన్నే పాటిస్తాను. 20 పీపీఎం దగ్గర తలనొప్పి, నీరసం, చిరాకు, తల తిరగడం మొదలవుతాయి. 50 నుంచి 100 మధ్య ఓ గంట ఉంటే కళ్ళు ఎర్రబడి ఇసుక పోసినట్టు గరగరలాడతాయి, గొంతు మండుతుంది. 200 నుంచి 300 మధ్య ఎక్కువసేపు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. 500 నుంచి 700 మధ్య ఐదు నిమిషాల్లో తూలి పడిపోతారు. 1,000 దగ్గర ఒకటి రెండు శ్వాసలు చాలు.

శరీరంలో ఇది చేసే పని సైనైడ్ చేసే పని లాంటిదే. కణాలు ఆక్సిజన్‌ను వాడుకునే చోట, సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను పట్టేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. మెదడులో ఊపిరిని నడిపే భాగం ముందు ఆగిపోతుంది. అందుకే పడిపోయే మనిషి అరవడు, చెయ్యి ఊపడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు.

ఇరవై ఏళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్తాను. కంపెనీ పేరు అక్కర్లేదు. ఎఫ్లుయెంట్ (ప్లాంటు వ్యర్థ నీళ్ళు) చేరే కలెక్షన్ సంప్, లోతు మూడు మీటర్లు కూడా ఉండదు. రాత్రి రెండు దాటాక పంపు లాగడం లేదని, ఫుట్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుందేమో చూద్దామని హెల్పర్ టార్చ్ పట్టుకుని నిచ్చెన దిగాడు. అంతకు అరగంట ముందు పైన బ్లాకులో స్క్రబ్బర్ (గ్యాస్‌ను నీళ్ళలో పట్టే పరికరం) ట్యాంకు డ్రెయిన్ చేశారని అతనికి ఎవరూ చెప్పలేదు. అడుగుకు చేరీ చేరకముందే కూలిపోయాడు. పక్కనే ఉన్న రెండో హెల్పర్ అతని ఊరివాడే, వరసకు అన్న. "ఒరేయ్" అంటూ దిగాడు. నాలుగో మెట్టు దగ్గర అతని చెయ్యి నిచ్చెనలో ఇరుక్కుని అక్కడే వేలాడిపోయాడు. నేను పరుగెత్తుకొచ్చి నిచ్చెన మీద కాలు పెట్టేశాను. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి వెనక నుంచి కాలర్ పట్టుకుని లాగారు, చొక్కా గుండీలు తెగిపోయాయి. "నువ్వు దిగితే మూడో శవానివి అవుతావురా" అన్నారు. లోపల టార్చ్ వెలుగుతూనే ఉంది, వెలుతురు సంప్ గోడ మీద పడుతోంది. ఆ వెలుతురు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

ఎస్‌సీబీఏ సెట్లు ఉన్నాయి. సేఫ్టీ రూములో ఉన్నాయి. రూముకు తాళం ఉంది. తాళంచెవి మెయిన్ గేట్ సెక్యూరిటీ దగ్గర ఉంది. సెట్ వచ్చేసరికి పదకొండు నిమిషాలు. ఈలోగా ఎవరో ప్లాంట్ ఎయిర్ హోస్ తెచ్చి పైనుంచి లోపలికి వదిలారు. పైమెట్టు మీద ఉన్నాయన అందువల్లే బతికాడు. కింద పడ్డవాడు బతకలేదు. బతికిన ఆయనకు ఆ తర్వాత వాసన సరిగ్గా తిరిగి రాలేదు. టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు. రెండేళ్ళకు పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి భయపెట్టడానికి రాయలేదు. ఈ గ్యాస్ మొదటి మనిషిని పొరపాటు వల్ల చంపుతుంది, రెండో మనిషిని ప్రేమ వల్ల చంపుతుంది. 1986లో అమెరికాలో కార్మికుల భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థ ఇచ్చిన హెచ్చరిక ప్రకారం ట్యాంకులు, గుంటల వంటి ఇరుకు చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్ళే. మన దగ్గర కథ వేరుగా ఏమీ లేదు. 2017 మార్చిలో మొగల్తూరు ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు పోయారు. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర హ్యాచరీ సెప్టిక్ ట్యాంకులో ఏడుగురు. ఒకే గుంటలో అంతమంది ఎందుకు పోతారు? ఒకరి వెనక ఒకరు దిగడం వల్ల.

టెక్సస్‌లోని ఒడెస్సాలో 2019 అక్టోబరు 26న ఒక ఆపరేటర్ రాత్రిపూట పంప్‌హౌస్‌కు వెళ్ళి తిరిగి రాలేదు. అతని డిటెక్టర్ బండిలోనే ఉండిపోయింది. ఇదే గ్యాస్‌కు చనిపోయాడు. భార్య వెతుక్కుంటూ వెళ్ళి ఆమె కూడా చనిపోయింది. పిల్లలు బయట కారులో ఉన్నారు. డిటెక్టర్‌ను డ్రాయర్లో పెట్టి రౌండ్‌కు వెళ్ళే ప్రతి కుర్రాడికీ నేను ఇది చెప్తాను.

ఇక మీ ఈటీపీలో ఇది ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. రెండు దారులున్నాయి.

మొదటిది రసాయనం. ప్రొడక్షన్‌లో సోడియం సల్ఫైడ్, సోడియం హైడ్రోసల్ఫైడ్ వాడితే ఆ నీళ్ళు మీ దగ్గరికే వస్తాయి. ఫాస్ఫరస్ పెంటాసల్ఫైడ్ వాడే చోట వచ్చే గ్యాస్‌ను కాస్టిక్ స్క్రబ్బర్‌లో పట్టిస్తారు, ఆ స్క్రబ్బర్ నీళ్ళూ సల్ఫైడే. పీహెచ్ ఎక్కువగా (అంటే యాసిడ్ తక్కువగా) ఉన్నంతసేపు ఇది నీళ్ళలో అణగి ఉంటుంది. పీహెచ్ 9 దగ్గర గ్యాస్ రూపంలో ఉండేది ఒక శాతం అటూ ఇటూ. 7 దగ్గర సగం. 5కి వస్తే దాదాపు అంతా గ్యాసే. అంటే స్క్రబ్బర్‌లో మీరు కష్టపడి పట్టిన గ్యాస్ చావలేదు, నిద్రపోతోందంతే. దాన్ని యాసిడ్ ఎఫ్లుయెంట్ ఉన్న ట్యాంకులోకి వదిలితే మళ్ళీ లేస్తుంది. మా సంప్‌లో జరిగింది అదే.

ఎంత లేస్తుందో లెక్క వేసి చూపిస్తాను. మన దగ్గర దొరికే 60 శాతం సోడియం సల్ఫైడ్ ఫ్లేక్స్ ఒక్క కిలో పూర్తిగా యాసిడ్‌తో కలిస్తే సుమారు 185 లీటర్ల గ్యాస్ వస్తుంది. 100 కిలోలీటర్ల ఖాళీ ట్యాంకులో అది కలిసిపోతే 1,800 పీపీఎం దాటుతుంది. సంచి అడుగున మిగిలిన కిలో ఫ్లేక్స్‌ను కడిగి డ్రెయిన్‌లో పోసే హెల్పర్‌కు ఈ లెక్క తెలియదు. మీకు తెలియాలి, మీరు అతనికి చెప్పాలి. 2022 జనవరి 6న సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో ట్యాంకర్‌తో తెచ్చిన రసాయన వ్యర్థాన్ని దొంగచాటుగా కాలువలో వదిలినప్పుడు వచ్చిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు చనిపోయారు. వాళ్ళు ఆ ట్యాంకర్ మనుషులు కూడా కాదు, పక్కనున్న మిల్లులో పని చేసేవాళ్ళు.

రెండో దారి బాక్టీరియా. నీళ్ళలో సల్ఫేట్ ఉండి, గాలి ఆడకపోతే, కొన్ని రకాల బాక్టీరియా ఆ సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తాయి. మన ఎఫ్లుయెంట్‌లో సల్ఫేట్‌కు కొదవలేదు. నీళ్ళలోకి గాలి పట్టించే ఏరేటర్ ఆగితే, స్లడ్జ్ అడుగున పేరుకుంటే, ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే ఇది జోరుగా సాగుతుంది. సంక్రాంతికో దసరాకో నాలుగు రోజులు షట్‌డౌన్ ఇచ్చి తిరిగొచ్చి ట్యాంకును కలియబెట్టే మొదటి గంట చాలా ప్రమాదం. పైకి చూస్తే నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. గ్యాస్ స్లడ్జ్ లోపల బుడగలుగా పట్టుకుని ఉంటుంది. పార వేసినా, గెడతో కెలికినా, కాలు వేసినా ఒక్కసారిగా బయటికొస్తుంది. అందుకే దిగే ముందు రీడింగ్ సున్నా వచ్చినా, స్లడ్జ్ కదిపాక అదే సున్నా ఉంటుందనుకోవద్దు. పని జరిగినంతసేపూ డిటెక్టర్ లోపలే, మనిషి ఛాతీ దగ్గరే ఉండాలి.

మీ దగ్గర ఈ గ్యాస్ రోజూ ఉంటోందా లేదా తెలుసుకోవడానికి చిన్న గుర్తు చెప్తాను. ఈటీపీ ప్యానెల్ తలుపును ఎలక్ట్రీషియన్‌తో తీయించి లోపల రాగి తీగల చివర్లు చూడండి. మామూలుగా ఎర్రగా మెరిసే రాగి అక్కడ మసి పూసినట్టు నల్లగా ఉంటే, ఆ గదిలోకి నెలల తరబడి సల్ఫైడ్ వస్తోందన్నమాట. ఒకసారి మా హెల్పర్ ఒకాయన వెండి మొలతాడు నల్లబడిందని, ఎవరో దిష్టి పెట్టారని దిగులు పడుతుంటే ఆ ట్యాంకు దగ్గర కొలిపించాను. పగలు 3 పీపీఎం, తెల్లవారుజామున గాలి ఆడనప్పుడు 22. వెంటనే ఏరేషన్ పెంచి, పీహెచ్ 8.5కి తగ్గకుండా కాపాడుకుంటూ వచ్చాం. అయితే ఇవి గుర్తులే, కొలతలు కావు. రాగి నల్లబడకపోతే గ్యాస్ లేదని అనుకోకండి.

బావుల్లో దీపం దింపి చూడటం మన ఊళ్ళలో పాత అలవాటు. దీపం ఆరకపోతే దిగొచ్చు అంటారు. దీపం చెప్పేది ఆక్సిజన్ సంగతి మాత్రమే. 1,000 పీపీఎం హెచ్‌టూఎస్‌లోనూ దీపం హాయిగా వెలుగుతుంది, మనిషే ఆరిపోతాడు. పైగా అంటుకునే గ్యాస్ ఉన్న చోట మంట పెట్టడమంటే ఇంకో ప్రమాదాన్ని పిలవడమే.

డిటెక్టర్ గురించి. ఆక్సిజన్, పేలుడు వాయువు, కార్బన్ మోనాక్సైడ్, హెచ్‌టూఎస్ నాలుగూ చూపించే ఫోర్ గ్యాస్ డిటెక్టర్ మీ కంపెనీలో ఉండే ఉంటుంది. సాధారణంగా హెచ్‌టూఎస్‌కు మొదటి అలారం 10, రెండోది 15 దగ్గర పెట్టి ఉంటుంది. దాని సెన్సర్‌కు ఆయుష్షు ఉంది, మామూలుగా రెండు మూడేళ్ళు. చచ్చిపోయిన సెన్సర్ ఏం చూపిస్తుందో తెలుసా? సున్నా. నేనొక యూనిట్‌లో చేరిన మొదటి వారం అక్కడున్న ఆరు డిటెక్టర్లకు టెస్ట్ గ్యాస్ పెట్టి చూశాను. రెండు కదల్లేదు. వాటితోనే అప్పటిదాకా పర్మిట్లు ఇచ్చారు. అందుకే వాడే ప్రతిరోజూ బంప్ టెస్ట్ చేయాలి. తెలిసిన గాఢత గల గ్యాస్ కాస్త చూపించి అలారం మోగుతుందో లేదో చూడటమే అది, నిమిషం పని. ఆ సిలిండర్ కొనలేదని చెప్పే కంపెనీ డిటెక్టర్ కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే.

ట్యాంకు శుభ్రం చేసే పని విషయంలో నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: అసలు మనిషి దిగాల్సిన అవసరం ఉందా? చాలాసార్లు ఉండదు. పై నుంచి వాటర్ జెట్ కొట్టి స్లడ్జ్‌ను పలుచన చేసి, స్లర్రీ పంపుతోనో సక్షన్ ట్యాంకర్‌తోనో లాగేయొచ్చు. కిందటి ఏడాది మా 150 కిలోలీటర్ల ట్యాంకు అలాగే చేశాం. నాలుగు రోజులు పట్టింది. మనుషులు దిగితే ఒకటిన్నర రోజులో అయిపోయేదని ప్రొడక్షన్ వాళ్ళు గోల చేశారు. చేయనివ్వండి. చివర్లో మూలల్లో మిగిలిన దానికి మాత్రం ఇద్దరు, చెరో ఇరవై నిమిషాలు దిగారు.

దిగక తప్పకపోతే పని ఇలా జరగాలి. ట్యాంకులోకి వచ్చే ప్రతి లైనుకూ బ్లైండ్ ప్లేటు వేయాలి, వాల్వ్ మూస్తే చాలదు, వాల్వ్‌లు కారతాయి. ఆ రోజు పైన బ్లాకుల్లో ఎవరూ డ్రెయిన్ చేయకూడదని రాతపూర్వకంగా చెప్పాలి, ప్రతి షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకం తీసుకోవాలి. బ్లోయర్ ఫ్లేమ్‌ప్రూఫ్‌ది (దాని నిప్పు బయటి గ్యాస్‌కు అంటుకోనిది) అయి ఉండాలి, దాని డక్ట్ అడుగుదాకా దింపాలి. పైన పెట్టి ఊదితే పైగాలే తిరుగుతుంది, అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. రీడింగ్‌కు శాంప్లింగ్ ట్యూబ్ వేసి మూడు ఎత్తుల్లో తీయాలి, ట్యూబ్ పొడవును బట్టి గాలి పైకి వచ్చేదాకా ఆగాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గకూడదు, 23.5 దాటకూడదు. గాలి కోసమని వెల్డింగ్ ఆక్సిజన్ సిలిండర్ లోపలికి వదిలేవాళ్ళను చూశాను, ఒక్క నిప్పురవ్వ చాలు బట్టలు భగ్గుమనడానికి. హోస్ కనెక్ట్ చేసేటప్పుడు అది ప్లాంట్ ఎయిరో నైట్రోజనో లైనును చేత్తో పట్టుకుని మొదలుదాకా వెళ్ళి చూడండి. రెండు కప్లింగులూ ఒకేలా ఉండే ప్లాంట్లు ఇంకా ఉన్నాయి. నైట్రోజన్ వదిలితే ఏ విషమూ లేకుండానే మనిషి పోతాడు.

హార్నెస్, ట్రైపాడ్, వించ్. ఇవి ఎందుకంటే, లోపల మనిషి పడిపోతే ఎవరూ దిగకుండా పైనుంచే లాగడానికి. తాడు నడుముకు కడితే మనిషి మడతపడి మ్యాన్‌హోల్‌లో ఇరుక్కుంటాడు. భుజాల వెనక డి-రింగ్ ఉన్న ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. పైన నిలబడే మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు, పార అందించమని కూడా.

మాస్కుల సంగతి. గుడ్డ, సర్జికల్ మాస్కు, ఎన్95 ఏవీ గ్యాస్‌ను ఆపవు. అవి దుమ్ముకు. కార్ట్‌రిడ్జ్ మాస్కు కూడా ట్యాంకులో దిగడానికి పనికిరాదు. అది ఆక్సిజన్ ఇవ్వదు. పైగా కార్ట్‌రిడ్జ్ అయిపోతే మామూలు గ్యాసులకైతే వాసన చెప్తుంది, దీనికి ఆ వాసనే తెలియదు. సిలిండర్ గాలితో నడిచే ఎస్‌సీబీఏ, లేదా బయటి నుంచి శుద్ధమైన గాలి పంపుతూ నడుముకు ఎస్కేప్ సిలిండర్ ఉండే ఎయిర్‌లైన్ మాస్కు, ఈ రెండే. మాస్కు అంచు చర్మానికి అతుక్కోవాలి. రెండు రోజుల గడ్డం ఉన్నా సందుల్లోంచి గ్యాస్ వస్తుంది. అయ్యప్ప మాలలో, భవానీ మాలలో ఉన్న మన కుర్రాళ్ళు గడ్డం తీయరు, తీయమని అడగడమూ తప్పే. ఆ రోజులు వాళ్ళను ఈ పనికీ, రెస్క్యూ టీముకూ పెట్టకండి. నేను కార్తీకం మొదలవగానే డ్యూటీ చార్ట్ మార్చేస్తాను, ఎవరూ నొచ్చుకోరు. ఇంకొకటి, ఎస్‌సీబీఏ తాళం వేసిన గదిలో ఉండకూడదు. ఈటీపీ పక్కనే, పగలగొట్టే అద్దం పెట్టెలో ఉండాలి. నా పదకొండు నిమిషాల సంగతి చెప్పాను కదా.

ఎవరైనా పడిపోతే ఏం చేయాలి? మొదట అరవండి, అలారం కొట్టండి. గాలికి అడ్డంగా గానీ, గాలి వచ్చే వైపు గానీ జరగండి. విండ్‌సాక్ (గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం) ఎటు ఊగుతుందో రోజూ షిఫ్ట్ ఎక్కగానే చూసుకునే అలవాటు చేసుకోండి. ఎస్‌సీబీఏ లేకుండా దిగకండి, అది మీ సొంత తమ్ముడైనా సరే. బయటికి తీశాక తడిసిన బట్టలు విప్పేసి, ఊపిరి లేకపోతే అంబు బ్యాగుతో (చేత్తో నొక్కే గాలి సంచితో) ఊపిరి ఇస్తూ సీపీఆర్ చేయాలి. నోటితో నోటికి ఊదకండి, అతని ఊపిరిలో గ్యాస్ మీకు రావచ్చు. ఆక్సిజన్ ఉంటే పెట్టండి. 108కి ఫోన్ చేసినప్పుడు "గ్యాస్ తగిలింది" అని వదిలేయకుండా "హైడ్రోజన్ సల్ఫైడ్" అని పేరు చెప్పండి, సేఫ్టీ డేటా షీటు కాపీ వెంట పంపండి. దీనికి కచ్చితంగా పనిచేస్తుందని రుజువైన విరుగుడు మందు లేదు. ఆక్సిజన్, ఊపిరి, బీపీ కాపాడటమే వైద్యం. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఇంటికి పంపకండి. ఊపిరితిత్తుల్లో నీరు చాలా గంటల తర్వాత కూడా చేరుతుంది. ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉండాలి.

మీ ఆరోగ్యం గురించి. ఒక మంచి మాట ఏంటంటే, ఇది సీసంలాగా ఒంట్లో పేరుకుపోయే విషం కాదు. తక్కువ మోతాదైతే శరీరం దాన్ని వేగంగా సల్ఫేట్‌గా మార్చి మూత్రంలో పంపించేస్తుంది. క్యాన్సర్ కారకాల జాబితాలోనూ ఇది లేదు. శాశ్వతంగా నష్టపోయినవాళ్ళు ఎక్కువగా ఒకసారైనా స్పృహ తప్పి పడినవాళ్ళే. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, వాసన, తూలకుండా నడవడం, వీటిలో తేడా వస్తుంది. మీరు పడిపోలేదు కాబట్టి టెన్షన్ పడి నిద్ర మానుకోనక్కర్లేదు. కానీ రోజూ తలనొప్పి, కళ్ళ మంట అంటే మీరు పని చేసే చోట హద్దు దాటుతోందనే నా అనుమానం. ఆస్తమా ఉంటే మీకు తక్కువ మోతాదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. ఏ రోజు, ఏ టైముకు, ఏ ట్యాంకు దగ్గర, ఎంతసేపటికి తలనొప్పి మొదలైందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫ్యాక్టరీ డాక్టరుకైనా, బయటి డాక్టరుకైనా ఆ నోట్‌బుక్ చాలా ఉపయోగం. నెలరోజులు రాసిన అలాంటి నోట్‌బుక్ చూపిస్తేనే ఒకసారి మా మేనేజ్‌మెంట్ ఫిక్స్‌డ్ డిటెక్టర్లు కొనడానికి ఒప్పుకుంది.

షిఫ్ట్ దిగాక బెల్లం ముక్క, అరటిపండు ఇస్తే గ్యాస్ విరిగిపోతుందని మన ప్లాంట్లలో నమ్మకం. తినండి, నష్టం లేదు. కానీ ఈ గ్యాస్ గొంతులో ఇరుక్కునేది కాదు, ఊపిరితో రక్తంలోకి సెకన్లలో వెళ్ళిపోయేది. బెల్లం ఇచ్చారు కాబట్టి మాస్కు అక్కర్లేదనే సూపర్‌వైజర్ మాట వినకండి.

దిగనంటే ఉద్యోగం పోతుందేమో అని మీరు రాయలేదు గానీ, మీ మనసులో ఉన్నది అదేనని నాకు తెలుసు. ఏడు నెలల అనుభవంతో, కాంట్రాక్టు మీద ఉండి "నేను దిగను" అనడం తేలిక కాదు. అలా అనకండి. "పర్మిట్, గ్యాస్ రీడింగ్ షీటు ఇవ్వండి సార్, దిగుతాను" అనండి, మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాసి అడగండి. తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు పాత ఫ్యాక్టరీల చట్టం 41-హెచ్ సెక్షన్‌లోనూ ఉండేది, 2020 నాటి కొత్త కార్మిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. సంతకం పెట్టాల్సిన మనిషికి చేతిలో పెన్ను బరువు తెలిస్తే చాలాసార్లు పని దానంతట అదే సరైన దారిలోకి వస్తుంది. ఇంకో మాట, మీరు తప్పుకుంటే ఆ ట్యాంకులోకి బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కాంట్రాక్టు కుర్రాడిని దింపుతారు. అడిగేటప్పుడు అతని కోసం కూడా అడగండి.

రేపు షిఫ్ట్ ఎక్కగానే మూడు చూసి ఇక్కడ రాయండి: డిటెక్టర్ వెనకున్న క్యాలిబ్రేషన్ స్టిక్కర్ మీద తేదీ, ఈక్వలైజేషన్ ట్యాంకు పీహెచ్ తెల్లవారుజామున ఎంత ఉందో, స్క్రబ్బర్ నీళ్ళు ఏ ట్యాంకులోకి డ్రెయిన్ అవుతున్నాయో. ఆ మూడూ తెలిస్తే మీ ట్యాంకును మనిషి దిగకుండా ఎలా ఖాళీ చేయొచ్చో పంపు సైజుతో సహా చెప్తాను.